ఇజవ దేవళము – వరినాట్ల పండుగ

వరి పండు దేశములందు నాట్ల దినములు పర్వదినములే. మనకు జ్యేష్ఠ పూర్ణిమ ఏరువాక పున్నమి. ఇంచుమించు ఆ దినములలోనే, ఏటేట జూన్ 24వ తేదీన, జపాను దేశమున మియె మండలములోని షిమా ప్రాంతమున, ఇజవ నో మియ అను షింటో దేవళము చెంత నాట్ల పండుగ జరుగును.

ఇది ఇసే మహాక్షేత్రమున సూర్యదేవతయైన అమతెరసు ఆలయమునకు అనుబంధము. 804లో కూర్చబడిన ఇసే ఆలయవిధుల గ్రంథమున దీని ప్రస్తావన కలదు. కామినోగో రైలుస్టేషనులో దిగి కొలదిదూరము నడచినచో పెద్ద వృక్షముల నడుమ గుడి కానవచ్చును. యాత్రికులు కొయ్యతోరణము దాటి, చేతులు, నోరు కడుగుకొని, రెండుమార్లు వంగి, రెండుమార్లు చేతులు చరచి, మరల ఒకమారు వంగి మ్రొక్కుదురు. దర్శనమునకు ప్రతిమ యుండదు. కట్టడము ప్రాచీనకాలపు ధాన్యపుకొట్టును పోలినది: నేలకెత్తుగా స్తంభములపై నిలిచిన కొయ్యగది, పైన గడ్డికప్పు. ఇరువదియేండ్లకొకమారు దానిని క్రొత్తగా కట్టుదురు. 2014లో నట్లే కట్టిరి.

దేవతకు నెలవు వెదకుచు వచ్చిన రాజకుమారి యమతోహిమె ఇచ్చట సారసపక్షి కూత విని వెదకింపగా, ఒకే మొదలున వేయి వెన్నులు గల వరి కనబడెననియు, దానిని దేవతకు నివేదించెననియు ఐతిహ్యము.

గుడి ప్రక్కనే దేవుని మడి యున్నది. పండుగనాడు మొదట యువకులు బురదలో దిగి, పెద్ద విసనకఱ్ఱ కట్టిన వెదురును పెనగులాడి లాగుకొందురు. ఆ ముక్కలను జాలరులు పడవలకు రక్షగా నుంచుకొందురు. పిదప తెల్లని వస్త్రములు దాల్చిన కన్యలు యువకులతో కలిసి, వేణువులు, డోళ్లు మ్రోగుచుండ నారు నాటుదురు. పైరును, కడలియు ఒకే దేవత యండ కోరుట ఇచ్చటి విశేషము.

1871లో ప్రభుత్వము దేవాలయ భూములను స్వాధీనపరచుకొనగా, ఆనాటి మార్పులలో ఈ పండుగయు ఆగిపోయెను. రైతులు మాత్రము మరువలేదు. 1880ల తొలినాళ్లలో, పైరుకు పురుగుల పీడ తొలగుటకై చేయు ప్రార్థనయను పేరిట దానిని మరల నిలిపిరి. నేడు పరిసర గ్రామములవారు వంతులవారీగా ఆ భారము వహించుచున్నారు. 1990లో జపాను ప్రభుత్వమే దీనిని ముఖ్య జానపద సంపదగా గుర్తించినది.

పుట్టినగడ్డకు దూరముగా తరతరములుగా స్థిరపడిన మనవారికి ఇందొక పాఠము కలదు. మడి పోయినను, ఆదరణ తొలగినను ఆచారము చావదు. వంతు వచ్చినప్పుడు మనది కాదని తప్పుకొన్ననాడే అది చచ్చును.