కూర్పు మారిన కథ, తీర్పు చెప్పిన పాఠకులు

ఒక రచన అచ్చయి పాఠకుల చేతికి చేరిన తరువాత రచయిత అందులోని కల్పిత లోకానికి కొత్త వివరాలు చేరిస్తే, వాటిని ఆ లోకంలో భాగంగా అంగీకరించే అధికారం ఎవరిదన్న ప్రశ్న ఇటీవలి ఆంగ్ల నవలల వల్ల ప్రచారంలోకి వచ్చినప్పటికీ, తెలుగు సాహిత్యంలో దానికి నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది. ఆ చరిత్రకు కేంద్రం గురజాడ అప్పారావు నాటకం ‘కన్యాశుల్కం’.

1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో ఆనంద గజపతి మహారాజుకు అంకితంగా అచ్చయిన తొలి కూర్పును, అంటే రచయిత ఒక దశలో సిద్ధపరచిన పాఠాన్ని, గురజాడ సంస్కరణోద్యమానికి తోడ్పడాలనీ, తెలుగు భాష రంగస్థలానికి పనికిరాదన్న అపోహను తొలగించాలనీ రాశారు. 1909లో వెలువడిన మలికూర్పు అచ్చుతప్పులు దిద్దిన పునర్ముద్రణ కాదు. నాటకం ఏడంకాలకు విస్తరించింది, తొలి కూర్పులో పరిమితమైన పాత్రగా ఉన్న మధురవాణి తన తెలివితో, మాటకారితనంతో, మనసులోని కరుణతో కథాగమనాన్నే నడిపించే వ్యక్తిగా ఎదిగింది.

ఈ మార్పుపై స్పందన ఏకముఖంగా సాగలేదు. మలికూర్పు పూర్తిగా ప్రదర్శించడానికి వీలులేనంత దీర్ఘమైందని రంగస్థల దృష్టితో చూసినవారు భావించగా, మనుషుల స్వభావాలను అంత లోతుగా చూపిన తెలుగు నాటకం మరొకటి లేదని సాహిత్య దృష్టితో చదివినవారు ఆదరించారు. చివరకు పాఠకలోకం మలికూర్పునే ‘కన్యాశుల్కం’గా స్వీకరించింది, మధురవాణి చేత ఊహాత్మకంగా మాట్లాడించిన రచనలు తరువాతి తరాల్లో వెలువడేంతగా ఆ పాత్ర పాఠకుల సొంతమైంది. అయినా మరుగున పడిన తొలి కూర్పును బంగోరె (బండి గోపాలరెడ్డి) 1969లో తిరిగి వెలుగులోకి తేవడంతో, రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి రచయిత ఆలోచనా పరిణామాన్ని పరిశీలించే మార్గం ఏర్పడింది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’. 1920లలో వచ్చిన మొదటి భాగం పార్వతీశం సీమ ప్రయాణంతో పాఠకులను అలరించగా, అతని విదేశీ విద్యాభ్యాసాన్నీ స్వదేశ జీవితాన్నీ చెప్పే తరువాతి భాగాలు దశాబ్దాల అనంతరం వెలువడ్డాయి. రచయితే రాసినా అవి మొదటి భాగానికి దక్కిన ప్రాచుర్యాన్ని అందుకోలేదు. పార్వతీశం అనగానే నేటికీ చాలామందికి గుర్తొచ్చేది ఆ తొలి ప్రయాణమే.

ఇతర దేశాల అనుభవమూ ఇటువంటిదే. 1893లో షెర్లాక్ హోమ్స్‌ను చంపి పాఠకుల ఆగ్రహానికి గురైన కానన్ డాయిల్, అతడు లోయలో పడనేలేదని 1903లో చెప్పిన కథను వారు ఆనందంగా స్వీకరించారు. తరువాత చేర్చిన వివరంతో పూర్వకథ అర్థాన్ని మార్చే ఈ పద్ధతిని నేడు ‘రెట్‌కాన్’ అంటున్నారు. హ్యారీ పోటర్ నవలలు ముగిశాక 2007లో జె.కె.రౌలింగ్ డంబుల్‌డోర్ స్వలింగ ప్రేమికుడని సభాముఖంగా ప్రకటించినప్పుడు కొందరు హర్షించగా, ఆ సంగతి నవలల్లోనే స్పష్టంగా ఉండవలసిందని మరికొందరు వాదించారు.

ఈ ఉదాహరణలను కలిపి చూస్తే, పాఠకులు మార్పును మార్పయినందుకే తిరస్కరించరనీ, చేర్చిన వివరం రచన లోపల సన్నివేశంగా, సంభాషణగా ప్రాణం పోసుకుందా లేక రచన వెలుపల ప్రకటనగా మిగిలిపోయిందా అన్నదే వారికి ప్రధానమనీ తేలుతుంది. మధురవాణి గొప్పదని గురజాడ ప్రకటించలేదు, ఆ గొప్పతనం కనబడేలా నాటకాన్ని తిరిగి రాశారు. తన పాత రచనను సరిదిద్దదలచిన రచయిత స్వీకరించవలసిన మార్గం అదే. తొలి పాఠాన్ని కూడా భద్రపరచి, రెండింటినీ చదివి నిర్ణయించుకునే హక్కును పాఠకులకు మిగల్చడం సాహిత్య సంస్థల, ప్రచురణకర్తల బాధ్యత.