కాపరుల సాక్ష్యం

పొలాల మధ్య డొంకదారి ఎవరిదని అడిగితే పల్లెల్లో పెద్దలు కాగితాలు వెతకరు. "మా తాతలనాటినుంచీ నడుస్తున్నాం" అంటారు. ఆ మాట న్యాయస్థానంలో నిలుస్తుందా? నూట ముప్పై ఏళ్ళకు పూర్వం స్కాట్లాండులో ఒక కొండదారి విషయంలో నిలిచింది.

ఆ దేశానికి తూర్పున గ్లెన్ డోల్ అనే లోయ ఉంది. అక్కడినుంచి ఉత్తరాన బ్రేమార్ గ్రామానికి కొండల మీదుగా సుమారు 22 కిలోమీటర్ల కాలిబాట. పేరు జాక్స్ రోడ్. పేరుకు రోడ్డే గాని బండి పోదు. దారిపొడుగునా ఊరు లేదు. పైకి వెళితే చెట్టు కూడా కనిపించదు. వాలులను హెదర్ అనే పొట్టిపొద కప్పి ఉంటుంది. ఆగస్టులో అది పూసినప్పుడు కొండంతా ఊదారంగు. తక్కిన కాలమంతా మట్టిరంగు, పొగమంచు, చలిగాలి.

ఈ దారిని ఏ రాజూ వేయించలేదు. బ్రేమార్ వైపు కాపరులు గొర్రెలమందలను కిరీమ్యూర్ దగ్గరి సంతకు తోలుకుపోతూ తొక్కగా తొక్కగా ఏర్పడింది. జాక్ వింటర్ అనే కాపరి పేరే దీనికి నిలిచిందంటారు.

పంతొమ్మిదో శతాబ్దంలో రైళ్ళు వచ్చాయి. మందలు నడిచిపోవడం తగ్గింది. అదే కాలంలో అక్కడి కొండలు ధనికుల దుప్పివేటకు కంచెలేని తోటలయ్యాయి. ఆస్ట్రేలియాలో సంపాదించి వచ్చిన డంకన్ మాక్‌ఫర్సన్ గ్లెన్ డోల్ ఎస్టేటు కొన్నాడు. మనుషులు నడిస్తే దుప్పులు బెదురుతాయని బాట మూయించబోయాడు. ప్రజల దారిహక్కుల కోసం పనిచేసే ఒక స్కాట్లాండు సంఘం ఎదురు నిలిచింది. వివాదం కోర్టుకెక్కింది.

దారి ప్రజలదని చూపే దస్తావేజు లేదు. నలభై ఏళ్ళు జనం అడ్డులేకుండా వాడుకున్నారని రుజువైతే చాలునన్నది అక్కడి న్యాయం. ఆ రుజువు కాపరుల నోట వచ్చింది. తాము ఈ కొండ మీదుగా మందలను సంతకు తోలుకుపోయామని వాళ్ళు వచ్చి చెప్పారు. చదువుకున్న న్యాయవాదుల మధ్య ఆ మాటే నెగ్గింది. 1888లో లండన్‌లోని ప్రభువుల సభ కూడా సంఘం పక్షానే తీర్పు చెప్పింది. కోర్టు ఖర్చులతో మాక్‌ఫర్సన్ చితికిపోయాడు. గెలిచిన సంఘానికీ ఇంచుమించు అదే గతి పట్టింది.

హక్కు దక్కినంత మాత్రాన కొండ మెత్తబడలేదు. 1959 జనవరి 1న బ్రేమార్ వైపునుంచి బయలుదేరిన అయిదుగురు పాదచారులు మంచుతుపానులో చిక్కి చనిపోయారు. మంచు కరిగేదాకా కొందరి దేహాలు దొరకలేదు.

2003లో వచ్చిన చట్టంతో స్కాట్లాండులో చాలామటుకు నేలమీద, బాధ్యతగా మెలిగే ఎవరికైనా నడిచే హక్కు కలిగింది. ఇప్పుడు జాక్స్ రోడ్డుకు సాక్షులతో పనిలేదు. కాని ఆనాడు వ్యాజ్యం మరో ఇరవై ముప్పై ఏళ్ళు ఆలస్యమై ఉంటే? మందలు తోలిన ముసలివాళ్ళు పోయేవారు. వాళ్ళతో దారీ పోయేది.

మన పెద్దలు తెలుగునేల విడిచి ఏ కనుమ దిగి, ఏ ఏరు దాటి ఈ ఊళ్ళకు చేరారో మన ఇళ్ళలో ఇంకా ఒకరిద్దరు ముసలివాళ్ళు చెప్పగలరు. ఆ దారికీ దస్తావేజు లేదు. వాళ్ళుండగానే అడిగి రాసి పెట్టుకుందాం.