నరైన్ కార్తికేయన్: ఫార్ములా వన్‌లో తొలి భారతీయుడు

ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ పందెంలో కారు నడిపిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్. ఆయన పేరు తెలుగు పత్రికల్లో నారాయణ్ అనీ కనిపిస్తుంది. 1977 జనవరి 14న, సంక్రాంతి నాడు జన్మించారు, పెరిగింది కోయంబత్తూరులో. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ సౌత్ ఇండియా ర్యాలీని ఏడుసార్లు గెలుచుకున్న చోదకుడు.

కోయంబత్తూరు ఈ క్రీడకు కేంద్రంగా ఎదగడం వెనుక అక్కడి నూలు మిల్లుల సంపద, యంత్రాల పట్ల మక్కువ ఉన్నాయి. ఆ మిల్లులను నెలకొల్పినవారిలో తెలుగు మూలాలు గల నాయుడు కుటుంబాలు ముఖ్యమైనవి. లక్ష్మీ మిల్స్ స్థాపకుడు జి. కుప్పుస్వామి నాయుడు కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ దేశీయ రేసింగ్ రూపురేఖలనే మార్చారు. అప్పటివరకు మన పందేల్లో పరుగెత్తినవి ఎక్కువగా కోల్‌కతా చెంత ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు హెరాల్డ్ వంటి రోడ్డు కార్లకు మార్పులు చేసినవే. మారుతి 800 ఇంజను అమర్చిన చౌకైన ఏకాసన రేసు కారును కరివర్ధన్ రూపొందించారు. నరైన్ తొలి పాఠాలు ఆ ఫార్ములా మారుతి కార్లలోనే సాగాయి. శ్రీపెరుంబుదూరు ట్రాక్‌పై తన మొట్టమొదటి పందెంలోనే ఆయన మొదటి ముగ్గురిలో నిలిచారు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. శిష్యతరం ఆ తర్వాత సాధించిన అంతర్జాతీయ విజయాలను ఆయన చూడలేకపోయారు. కోయంబత్తూరు సమీపంలోని కరి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు.

ఫ్రాన్స్‌లోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూల్‌లో శిక్షణ పొందిన నరైన్, 1994లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ శీతాకాల సిరీస్ విజేతగా నిలిచారు. ఐరోపాలో ఒక చాంపియన్‌షిప్ గెలిచిన తొలి భారతీయుడు ఆయనే. 1996లో ఫార్ములా ఆసియా టైటిల్ సాధించారు. తర్వాత బ్రిటిష్ ఫార్ములా త్రీలో కార్లిన్ జట్టు తరఫున పోటీపడి, 1999లో బ్రాండ్స్ హాచ్‌లో పందేలు గెలిచారు. 2001 జూన్ 14న సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ కారును పరీక్షించి, ఫార్ములా వన్ కారు నడిపిన తొలి భారతీయుడయ్యారు.

అయితే పరీక్షకూ పందేనికీ మధ్య నాలుగేళ్లు గడిచాయి. లోపించినది ప్రతిభ కాదు, ధనం. చిన్న జట్లు చోదకుడి వెంట వచ్చే ప్రాయోజకుల సొమ్ముపై ఆధారపడతాయి. 2004 సీజన్‌కు మినార్డి జట్టు స్థానం ఇవ్వజూపినా, అవసరమైన మొత్తం సమకూరక అవకాశం చేజారింది. క్రికెట్‌కు తప్ప మరో క్రీడకు చెక్కు రాయడానికి వెనుకాడే మన వ్యాపార ప్రపంచంలో ఇది ఆశ్చర్యకరమేమీ కాదు. చివరకు టాటా సంస్థ అండతో జోర్డాన్ జట్టులో చేరి, 2005 మార్చి 6న మెల్‌బోర్న్‌లో అరంగేట్రం చేసి 15వ స్థానం పొందారు.

అదే ఏడాది జూన్ 19న ఇండియానాపోలిస్‌లో జరిగిన అమెరికా గ్రాండ్ ప్రీ ఆయన ఖాతాలో అయిదు పాయింట్లు చేర్చింది. టైర్ల భద్రతపై సందేహంతో మిషెలిన్ టైర్లు వాడే 14 కార్లు సన్నాహక చుట్టు ముగియగానే వైదొలగగా, ఆరు కార్లే పందెంలో మిగిలాయి. నరైన్ నాలుగో స్థానంలో ముగించారు. ఈ పాయింట్లను అదృష్టంగా తీసిపారేసేవారున్నారు. కానీ రెండు మినార్డి కార్లను వెనుక ఉంచి చివరి వరకు నిలవడం ఆ రోజు ఆయన చేయవలసిన పని. అది ఆయన చేశారు. సహచరుడు తియాగో మొంతేరో మూడో స్థానం పొందిన సంగతి కూడా విస్మరించరాదు.

తర్వాతి ప్రయాణం వంకరటింకరగా సాగింది. 2007 డిసెంబరులో చైనాలోని జుహాయ్‌లో ఎ1 గ్రాండ్ ప్రీలో భారత్‌కు విజయం అందించారు. 2009 ల మాన్ 24 గంటల పందేనికి ఆడి కారు సిద్ధంగా ఉండగా, పిట్ గోడపై నుంచి దూకి భుజం కీలు తప్పడంతో దూరమయ్యారు. 2010లో పద్మశ్రీ అందుకున్నారు. అదే ఏడాది అమెరికాలో నాస్కార్ ట్రక్కుల సిరీస్‌లో పోటీపడి, అభిమానుల ఓట్లతో అత్యంత ప్రజాదరణ గల చోదకుడిగా ఎంపికయ్యారు.

2011లో హిస్పానియా జట్టుతో ఫార్ములా వన్‌కు తిరిగి వచ్చారు. అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో తొలి ఇండియన్ గ్రాండ్ ప్రీలో 17వ స్థానం పొందారు. వరుసలో చిట్టచివర ఉండే ఆ కారుతోనే సహచరుడు డేనియల్ రికియార్డో కంటే ముందు గమ్యం చేరారు. రికియార్డో తర్వాతి కాలంలో ఎనిమిది గ్రాండ్ ప్రీలు గెలిచిన చోదకుడు. 2012 మలేసియాలో సెబాస్టియన్ వెట్టెల్ కారుతో ఢీకొన్న ఘటన మాత్రం వివాదమైంది. నిర్వాహకులు నరైన్‌కు 20 సెకన్ల జరిమానా విధించారు. ఆ ఏడాదితో ముగిసిన ఫార్ములా వన్ ప్రస్థానంలో ఆయన 46 పందేల్లో పాల్గొన్నారు.

అనంతరం జపాన్ ఆయనకు రెండో ఇల్లయింది. సూపర్ ఫార్ములా నుంచి సూపర్ జీటీకి మారి, 2019 నవంబరులో ఫుజీ ట్రాక్‌పై డీటీఎం, సూపర్ జీటీ కార్లు కలిసి పరుగెత్తిన ప్రత్యేక పోటీలో ఒక పందెం గెలిచారు. అప్పటికి వయసు 42. పాత ద్విచక్ర వాహనాలను కొని అమ్మే డ్రైవ్‌ఎక్స్ సంస్థను 2020లో ప్రారంభించారు. అందులో టీవీఎస్ మోటార్ 2022లో వాటా కొనుగోలు చేసింది.

ఆయన తర్వాత ఫార్ములా వన్ గ్రాండ్ ప్రీలో పోటీపడిన భారతీయుడు కరుణ్ చందోక్ ఒక్కరే. ఇండియన్ గ్రాండ్ ప్రీ 2013తో నిలిచిపోయింది. దేశీయ పోటీలకు మాత్రం క్రికెట్ సొమ్ము ఇప్పుడిప్పుడే చేరుతోంది: ఇండియన్ రేసింగ్ ఫెస్టివల్‌లో కోల్‌కతా జట్టు యజమానిగా సౌరవ్ గంగూలీ 2024లో ముందుకు వచ్చారు.