నల్ల చెరువు నుంచి లక్నవరం దాకా

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కాసేపు నిలబడితే చాలు, ‘జనగామ, హన్మకొండ’ అన్న కేకలు చెవిలో పడతాయి. కాగితాల మీద ఇది ఒకప్పుడు 202, ఇప్పుడు 163 నంబరు జాతీయ రహదారి. మాకు మాత్రం ఎప్పుడూ వరంగల్ రోడ్డే. నంబరు మారిందని ఇక్కడ ఎవరికీ పట్టలేదు. పట్టిందల్లా 2018లో నారపల్లి దాకా మొదలైన ఫ్లైఓవర్, దాని పుణ్యమా అని ఏళ్ల తరబడి మింగిన దుమ్ము.

రెండేళ్లకోసారి మాఘమాసంలో ఈ చౌరస్తా తీరే వేరు. మేడారం జాతరకు పోయేవాళ్లు బంగారమని మొక్కే బెల్లంతో, సంచిలోంచి తల బయటపెట్టిన కోడితో బస్సులకు ఎదురుచూస్తుంటారు. మేమూ అట్లా పోతూనే లక్నవరం చెరువు చూశాం. ములుగు దాటాక చల్వాయి వస్తుంది. అక్కడ పెద్దరోడ్డు వదిలి కుడికి తిరగాలి. బుస్సాపూర్ మీదుగా పది కిలోమీటర్లు కూడా ఉండని దారి. వరిపొలాలు, తర్వాత అడవి. గుట్టలు దగ్గరపడే దాకా చెరువు జాడే తెలియదు.

కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన చెరువిది. వాళ్ల తెలివి ఎంత కట్టారన్నదాంట్లో కాదు, ఎక్కడ కట్టారన్నదాంట్లో ఉంది. గుట్టల నడుమ మూడు ఇరుకు సందులుంటే, ఆ మూడింటికే పొట్టి కట్టలు వేశారు. మిగతా కట్ట పనంతా గుట్టలే చేశాయి. మైదానంలో ఇన్ని నీళ్లు ఆపాలంటే ఎన్ని తట్టల మట్టి మోయాలి! నీళ్లలో మునిగిన గుట్టల నెత్తులే ఇప్పటి దీవులు.

వచ్చినవాళ్లంతా వేలాడే వంతెన మీద ఫొటోలు దిగుతారు. దిగనీ. నేను మాత్రం తూము దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. అటువైపు కదలకుండా ఉన్న నీళ్లు, ఇటు దాటగానే నురగ కక్కుతూ కాలువలో ఉరుకుతున్నాయి. ఎక్కడికని చూస్తే, మేం దాటొచ్చిన ఆ పొలాలకే. ఏడు వందల ఏళ్లు దాటినా ఆయకట్టు పండుతూనే ఉంది.

ఇదే రోడ్డు పక్కన మన ఉప్పల్‌కూ ఒక చెరువుంది. నల్ల చెరువు. దానికి గుట్టల కాపలా లేదు. చుట్టూ ఉన్నవి మన ఇళ్లే, అందులోకి చేరేది మన మురుగే.

ఈసారి మేడారం పోతే చల్వాయి దగ్గర కుడికి తిరగండి. తిరిగొచ్చేటప్పుడు, ఉప్పల్‌లో దిగేముందు నల్ల చెరువు దగ్గర బస్సు కిటికీ మూయకుండా ఒక్కసారి చూడండి.