బర్నింగ్ మ్యాన్ ఉత్సవంలో నేల సంరక్షణ

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, బ్లాక్ రాక్ ఎడారిలో ఏటా వేసవి చివర జరిగే గుడారాల ఉత్సవం బర్నింగ్ మ్యాన్. 1986లో శాన్ ఫ్రాన్సిస్కో సముద్రతీరంలో మొదలై, 1990లో ఇక్కడికి మారింది. లాహొంటాన్ అనే పురాతన సరస్సు ఎండిపోగా మిగిలిన ఈ చదును నేల సమాఖ్య ప్రభుత్వానిది. ఉత్సవానంతర తనిఖీలో ఎకరాకు సగటున ఒక చదరపు అడుగుకు మించి చెత్త కనిపించకూడదన్నది అనుమతి షరతు. ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. షరతు ఎంత కఠినమో చూడండి.

సుమారు 70,000 మంది చేరే ఈ తాత్కాలిక నగరంలో చెత్తకుండీలు ఉండవు. ఎవరి చెత్త వారే ఇంటికి మోసుకుపోవాలి. స్నానం చేసిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు కూడా నేలమీద పారబోయరాదు. చెప్పినంత మాత్రాన అందరూ వింటారా? అందుకే జనం వెళ్లాక పునరుద్ధరణ బృందం వరుసకట్టి నడుస్తూ మేకులు, పూసలు, చెక్క పేళ్లు ఏరుతుంది. ఏ శిబిరం తన చోటును ఎలా వదిలిందో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల పటంలో బహిరంగంగా చూపుతుంది. ఎరుపు పడిన శిబిరానికి మరుసటి ఏడాది స్థలం దక్కడం కష్టం కావచ్చు. నియమాల కంటే ఈ పరువు భయమే ఎక్కువ పనిచేస్తుందనిపిస్తుంది.

2023లో వాన కురిసి నేలంతా బురదైంది. బండ్లు దిగబడ్డాయి, శుభ్రపరిచే పని పెరిగింది. అయినా ఆ ఏటి తనిఖీలో ఉత్సవం నెగ్గింది.