ఆటలోని రత్నముల వెల

గుడ్డకు వెల కట్టునపుడు వర్తకుడు ప్రత్తి ధరను, నేత కూలిని, రవాణా ఖర్చును లెక్కించి, పైన కొంత లాభము వేసికొనును. మొబైలు ఫోను ఆటలలో అమ్మెడి రత్నములకు ఈ లెక్క పనికిరాదు. ఆట తయారైన పిమ్మట ఒక రత్నము నిచ్చినను, లక్ష రత్నముల నిచ్చినను కంపెనీకి అదనపు ఖర్చు దాదాపు శూన్యము. మరి ఆ వెల దేనినిబట్టి ఏర్పడినది?

2008 జూలైలో ఆపిల్ కంపెనీ ఐఫోనుకొరకు 'యాప్ స్టోరు' అను అంగడిని తెరచినది. మొదట అందులో ఆటను వెలయిచ్చి కొనవలెను. లేదా అది పూర్తిగా ఉచితము. 2009 జూన్‌లో ఆట లోపల కూడ వస్తువులను అమ్ముటకు అనుమతి వచ్చినది గాని, అది వెలగల ఆటలకే పరిమితము. అక్టోబరులో ఉచితపు ఆటలకును ఆ అనుమతి లభించినది. ఆటను ఉచితముగా నిచ్చి వస్తువుల నమ్ముట కొరియా దేశపు కంప్యూటరు ఆటలలో అంతకుముందే ఉన్న పద్ధతి. అది ఇప్పుడు ఫోనులోనికి ప్రవేశించినది.

ఫిన్లండు దేశపు సూపర్‌సెల్ కంపెనీ 2012లో విడుదల చేసిన 'క్లాష్ ఆఫ్ క్లాన్స్' ఇందుకు మంచి ఉదాహరణము. ఇందులో ఆటగాడు ఒక గ్రామమును నిర్మించును. ఒక్కొక్క కట్టడము పూర్తియగుటకు గంటలు, దినములు పట్టును. వేచియుండలేనివాడు రత్నములు చెల్లించి వెంటనే పూర్తిచేసికొనవచ్చును. తొలి సంవత్సరములలో ఒక నిమిషమునకు 1, గంటకు 20, దినమునకు 260, వారమునకు 1,000 రత్నములు పట్టెడివి. నిమిషపు రేటునే వారమంతటికిని వర్తింపజేసినచో 10,080 రత్నములు కావలెను. అంత ఇచ్చువారు అరుదు. కనుక నిరీక్షణ పెరిగినకొలది గంట ఒక్కింటికి పడు రేటు తగ్గించబడినది. అనగా ఇక్కడ అమ్ముడగునది కాలము. దాని వెలకు కొలత ఆటగాని ఓర్పు, అతని స్తోమతు.

ఇక రత్నములను డబ్బిచ్చి కొనవచ్చును. ఆ సంవత్సరములలో 500 రత్నములకు 4.99 డాలర్లు, 14,000 రత్నములకు 99.99 డాలర్లు ఉండెడివి. చిన్న పొట్లములో డాలరుకు సుమారు 100, పెద్ద పొట్లములో 140 వచ్చెడివి. అందుచేత ఒక దినపు నిరీక్షణను తప్పించుకొనుటకు ఒకనికి సుమారు 2.60 డాలర్లు, మరియొకనికి 1.86 డాలర్లు అయ్యెడివి. కాని ఇద్దరికిని తెరమీద కనబడెడిది 260 అను అంకె మాత్రమే. పైగా 500 కొన్నవానికి 240 మిగిలిపోయెడివి. ఆ మిగులు మరియొక కొనుగోలుకు ప్రేరణ యయ్యెడిది.

స్తోమతునుబట్టి వెల మారుట మన దేశములోను కనబడినది. 2015లో గూగుల్ తన అంగడిలో భారతదేశపు కనీసపు వెలను 50 రూపాయలనుండి 10 రూపాయలకు తగ్గించినది.

ఈ పద్ధతివలన పిల్లలకు రత్నమునకును డబ్బునకును గల సంబంధము తెలియకుండ పోయినది. ఆపిల్ అంగడిలో తల్లిదండ్రులు ఒకసారి సంకేతపదము నొక్కినచో 15 నిమిషములవరకు మరల అనుమతి లేకయే కొనుటకు వీలుండెడిది. ఈ సంగతిని వారికి తెలుపలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించినది. 2014 జనవరిలో ఆపిల్ కనీసము 3 కోట్ల 25 లక్షల డాలర్లు తిరిగి చెల్లించుటకు అంగీకరించినది. 2025 మార్చిలో ఐరోపా వినియోగదారుల రక్షణాధికారులు వస్తువు వెలను అసలు డబ్బులో కూడ చూపవలెనని సూత్రములు ప్రకటించిరి.

అట్లు చూపని చోట ఆ లెక్క కొనువాడే వేసికొనవలెను. పొట్లపు వెల, అందలి రత్నముల సంఖ్య తెలిసినచో, ఒక దినము ఓపికపట్టినందున ఎన్ని రూపాయలు మిగులునో తెలిసికొనుటకు బడిలో నేర్చిన త్రైరాశికము చాలును.