ఒక జర్మన్ నియోజకవర్గం – మూడు పేర్లు, మారిన హద్దులు

ఎన్నికల డ్యూటీ చేయని ఉద్యోగి మన సంఘంలో అరుదు. ఓటర్ల జాబితాలు, సీళ్ళు, పెట్టెలు మనకు కొత్త కావు. కాని నియోజకవర్గం హద్దు ఎవరు గీస్తారు, ఎందుకు మారుస్తారు అన్నది మనలో చాలామంది పట్టించుకోని విషయం. జర్మనీ ఈశాన్య మూలన, బాల్టిక్ సముద్రతీరాన ఉన్న ఒక పల్లెటూళ్ళ నియోజకవర్గం చరిత్ర చూస్తే ఆ సంగతి చక్కగా బోధపడుతుంది.

ఆ ప్రాంతం పేరు ఫోర్‌పొమెర్న్. 1648 నుండి 1815 వరకు స్వీడన్ రాజుల ఏలుబడిలోను, తరువాత 1945 వరకు ప్రష్యా కింద ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక పక్కనున్న మెక్లెన్‌బుర్గ్‌తో కలిపేశారు. 1952లో తూర్పు జర్మనీ ప్రభుత్వం రాష్ట్రాలను తీసివేసి దేశాన్ని జిల్లాలుగా విడగొట్టింది. అక్కడ ఎన్నికలు జరగకపోలేదు. అయితే ఒకే జాబితా, దానికే ఓటు. నా ప్రతినిధి ఫలానావారు అని ఓటరు ఎంచుకునే వీలు లేదు.

1990 అక్టోబరు 3న రెండు జర్మనీలు ఏకమయ్యాయి. డిసెంబరు 2న ఉమ్మడి ఎన్నికలు జరిగాయి. అప్పుడు పుట్టినదే 267వ నెంబరు నియోజకవర్గం: ష్ట్రాల్‌జుండ్ – ర్యూగెన్ – గ్రిమ్మెన్. ష్ట్రాల్‌జుండ్ పాత రేవు పట్టణం. ర్యూగెన్ జర్మనీలోకెల్లా పెద్ద దీవి. తెల్లని సుద్దకొండలకు ప్రసిద్ధి. గ్రిమ్మెన్ వైపు పొలాలు, చిన్న చిన్న ఊళ్ళు.

ఇక్కడ నిలబడి గెలిచిన అభ్యర్థి పేరు ఆంగెలా మెర్కెల్. ఆమె పుట్టింది హాంబుర్గ్‌లో, పెరిగింది టెంప్లిన్‌లో. ఈ తీరానికి ఆమె బయటి మనిషే. 1990 నవంబరులో లోబ్బె అనే పల్లెలో జాలర్ల గుడిసెలో వారి మధ్య కూర్చున్న ఆమె ఫోటో తరువాత ఎంతో పేరు పొందింది. 2005లో ఆమె ఛాన్సలర్ అయ్యారు. 2017 వరకు వరుసగా ఎనిమిది ఎన్నికలలో ఈ స్థానం ఆమెదే. 1998లో 37.3 శాతానికి పడిపోయినా 2013లో 56.2 శాతం తెచ్చుకున్నారు.

మనిషి మారలేదు గాని హద్దులు మారుతూ వచ్చాయి. కారణం వలస. గోడ కూలాక పని వెతుక్కుంటూ యువకులు పశ్చిమానికి తరలిపోయారు. 1990లో సుమారు 19 లక్షలున్న మెక్లెన్‌బుర్గ్ – ఫోర్‌పొమెర్న్ రాష్ట్ర జనాభా తరువాత 16 లక్షల దరిదాపుకు దిగింది. జనం తగ్గితే స్థానాలూ తగ్గాలి. 1990లో 9 నియోజకవర్గాలు ఉండగా 2002లో 7, 2013లో 6 మిగిలాయి. ఒక్కొక్కటి అంతకంతకు విశాలమైంది.

ఈ లెక్క చూసేందుకు అక్కడ నియోజకవర్గాల సంఘం ఒకటి ఉన్నది. దేశాధ్యక్షుడు నియమించే ఏడుగురిలో కేంద్ర గణాంక కార్యాలయం అధిపతి, పరిపాలనా న్యాయస్థానం న్యాయమూర్తి తప్పక ఉంటారు. ఒక నియోజకవర్గం జనాభా సగటుకంటే 15 శాతానికి మించి తేడా ఉండకూడదు; 25 శాతం దాటితే తిరిగి గీయక తప్పదు. లెక్కలోకి వచ్చేది జర్మన్ పౌరులే. రాష్ట్రం హద్దు దాటకూడదు. సంఘం సిఫారసు మాత్రమే చేస్తుంది, చట్టం చేసేది పార్లమెంటు.

జిల్లాల పునర్వ్యవస్థీకరణ కూడా తోడైంది. 1994లో గ్రిమ్మెన్, రిబ్నిట్జ్-డామ్‌గార్టెన్, ష్ట్రాల్‌జుండ్ గ్రామీణ జిల్లాలు కలిసి నోర్డ్‌ఫోర్‌పొమెర్న్ జిల్లా అయ్యాయి. అందుకని 2002లో నియోజకవర్గం పేరు ష్ట్రాల్‌జుండ్ – నోర్డ్‌ఫోర్‌పొమెర్న్ – ర్యూగెన్ అయింది, నెంబరు 15. 2011లో ఆ మూడూ ఒకే పెద్ద జిల్లాగా మారాయి. 2013లో గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయ పట్టణాన్ని, చుట్టుపక్కల లాండ్‌హాగెన్ గ్రామాలను చేర్చి, ఫోర్‌పొమెర్న్-ర్యూగెన్ – ఫోర్‌పొమెర్న్-గ్రైఫ్స్‌వాల్డ్ ఒకటి అని పేరు పెట్టారు. గ్రిమ్మెన్ పేరు మొదటి మార్పులోనే పోయింది. రెండవ మార్పుతో ష్ట్రాల్‌జుండ్ పేరు కూడా పోయి, జిల్లాల పేర్లు మాత్రం మిగిలాయి.

2021లో మెర్కెల్ పోటీ చేయలేదు. సోషల్ డెమొక్రాట్ పార్టీకి చెందిన ఆన్నా కసౌట్స్కి గెలిచారు. ఆమెకు వచ్చిన ఓట్లు పావు వంతుకు లోపే. 2022 జనవరిలో ష్ట్రాల్‌జుండ్ ఓడల కర్మాగారం నడుపుతున్న సంస్థ దివాలా తీసింది. హెర్రింగ్ చేపల కోటాలు కోతపడి జాలర్ల వృత్తి కూడా కుంగింది. 2025 ఫిబ్రవరిలో ఈ స్థానం ఏఎఫ్‌డీ పార్టీకి దక్కింది. ముప్పై ఏళ్ళకు పైగా దేశపు పెద్ద నాయకురాలిని పంపిన ప్రాంతం నాలుగేళ్ళలో రెండుసార్లు పార్టీ మార్చింది.

ఇంకొక మార్పు తెలుసుకోదగ్గది. అక్కడ ఓటరుకు రెండు ఓట్లు: మొదటిది స్థానిక అభ్యర్థికి, రెండవది పార్టీకి. లోగడ మొదటి ఓటులో నెగ్గినవారికి సీటు ఖాయం. 2023 సవరణతో సభ్యుల సంఖ్యను 630కి కట్టడి చేశారు. రాష్ట్రంలో పార్టీకి వచ్చిన రెండవ ఓట్ల వాటా చాలకపోతే, తక్కువ శాతంతో గెలిచినవారికి సీటు రాదు. 2025లో దేశం మొత్తం మీద 23 మంది నెగ్గి కూడా సభలో అడుగుపెట్టలేకపోయారు. ఆ నియోజకవర్గాల ఓటర్ల మనసు ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

ఓటు విలువ అందరికీ సమానం కావాలంటే జనాభా తగ్గినచోట హద్దులు జరపక తప్పదు. లెక్కప్రకారం అది న్యాయమే. కాని దీవిలోని ముసలి జాలరికి సభ్యుని కార్యాలయం దూరమవుతుంది, సభ్యుడు తిరగవలసిన ఊళ్ళు పెరుగుతాయి. పిల్లలు వలసపోయి పెద్దలు మిగిలిన ఊళ్ళకే ఆ సభ్యుని అవసరం ఎక్కువ. హద్దులు గీసే కాగితం మీద ఆ అవసరానికి గడి లేదు. ఆ లోటు తీర్చవలసినది ఎన్నికైన సభ్యుడే, ఊరూరా తిరిగి.